సంతకానికి ముందే సభ

(గౌతు లచ్చన్న గారి స్మృతిలో వజ్రపుకొత్తూరులో చేసిన ఉపన్యాస పాఠం)



1954 నవంబరులో కర్నూలు శాసనసభలో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ తగువు మద్యనిషేధం గురించి. కల్లుగీత మీద బతికే కుటుంబాలకు కూడు లేకుండా పోయిందని, నిషేధం ఎత్తెయ్యమన్న రామమూర్తి కమిటీ మాట వినమని పోరినవాళ్ళలో ముందు నిలబడ్డది లచ్చన్న గారు. ఆ ప్రభుత్వం పడిపోవడం మంచికా చెడుకా అన్నది ఇప్పటికీ వాదించుకోవచ్చు. ప్రకాశం గారంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఈ పందిట్లోనూ ఉంటారు, నేనూ వాళ్ళలో ఒకణ్ణే. ఇక్కడ నాకు కావలసింది వేరే సంగతి. చెట్టెక్కి బతికే మనిషి కూడు గురించి ఒక చట్టసభ చేతులెత్తించి లెక్కపెట్టింది. అవునన్నవాళ్ళెవరో కాదన్నవాళ్ళెవరో మర్నాడు ఊరూరా తెలిసింది. ఓడినవాడు తన ఊరొచ్చి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

ఇప్పుడు జీడిపిక్క, కొబ్బరికాయ, చేప, పాలు, పామాయిలు మీద బతికే మనుషుల కూడు గురించి దేశదేశాలతో ఒప్పందాలు జరుగుతున్నాయి. వాటిలో చేరాలా వద్దా అని మన పార్లమెంటులో ఇంతవరకూ ఒక్కసారైనా ఓటింగు పెట్టి తేల్చలేదు. చర్చలు జరిగాయి, వాకౌట్లు జరిగాయి, మంత్రిగారి జవాబులు జరిగాయి. చేతులెత్తడం మాత్రం జరగలేదు. ఇవాళ్టి నా ఉపన్యాసం దాని గురించే.

ముందుగా ఒక అపార్థం తొలగించాలి. లచ్చన్న గారి పేరు చెప్పుకొని విదేశీ వ్యాపారాన్ని తిట్టిపోస్తే ఆయనకు అన్యాయం చేసినట్టే. బారువలో 1909లో పుట్టిన ఆయన ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు, జమీందారీల మీద పోరాడారు. ఆ పోరాటాల కాలంలోనే, 1940లో అఖిల భారత కిసాన్ సభ మన పలాసలో జరిగింది, దేశం నలుమూలల రైతు నాయకులు ఈ చిన్న రైలు స్టేషనులో దిగారు. అదే లచ్చన్న గారు తరువాత రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారితో కలిసి స్వతంత్ర పార్టీలో పనిచేశారు. పర్మిట్లు, లైసెన్సులు, కంట్రోళ్ళు రైతును చంపుతున్నాయని వాదించిన పార్టీ అది. పిక్క ఎక్కడ అమ్ముకోవాలో రైతు ఇష్టం అన్నదే వాళ్ళ మాట. కాబట్టి తలుపులన్నీ మూసెయ్యమని చెప్పడానికి నేనిక్కడికి రాలేదు. తలుపు తియ్యాలన్నా ముయ్యాలన్నా ఇంట్లోవాళ్ళను అడగాలంటున్నాను.

ఇక మన సరుకు దగ్గరికి రండి. మన ఉద్దానం ప్రాంతంలో జీడిపిక్కల ధర బస్తా లెక్కన చెబుతారు. బస్తా అంటే ఎనభై కిలోలు. రైతు బస్తా దించగానే కొనేవాడు గుప్పెడు పిక్కలు తీసి చెవి దగ్గర గలగలలాడిస్తాడు, ఎండిందీ లేనిదీ అక్కడ తెలుస్తుంది. తరువాత కొన్ని పిక్కలు కత్తితో నిలువునా కోసి వరసగా పేరుస్తాడు. నిండు పప్పు ఒక పక్క, ముడత పడ్డది ఒక పక్క, మచ్చ పడ్డది, పుచ్చు, తాలు వేరే. మంచి పప్పు తూచి ధర చెబుతాడు. పడమటి ఆఫ్రికాలో గినియా బిస్సావ్ రేవులోనూ ఇదే పరీక్ష, ఇదే కోత. ప్రపంచ మార్కెట్టులో పచ్చి జీడిపిక్క నాణ్యతను ఎనభై కిలోల బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందన్న లెక్కలోనే చెబుతారు. నలభై ఎనిమిది పౌన్లు దిగితే సరుకు బాగున్నట్టు. మన బస్తా, బిస్సావ్ బస్తా ఒకే తూకం. ఈ గ్రామం ప్రపంచ వాణిజ్యంలోకి కొత్తగా అడుగు పెట్టబోవడం లేదు, ఎప్పటినుంచో దాని మధ్యలోనే ఉంది.

అయితే ఆ మధ్యలో మనమంతా ఒకే వైపు లేము. ఈ మాట మన సభల్లో ఎవరూ గట్టిగా చెప్పరు, నేను చెబుతాను. తోట ఉన్న రైతుకు ఆఫ్రికా పిక్క రాకూడదు, వచ్చినా గట్టి సుంకం కట్టి రావాలి. ఎనభై కిలోల బస్తాకు పదహారు వేలు ఇవ్వాలని రైతు సంఘాలు అడుగుతూ వచ్చాయి. పక్కనే పలాస-కాశీబుగ్గలో, జీడి పరిశ్రమ యజమానికి ఆఫ్రికా పిక్క కావాలి. ఉద్దానం పంట వేసవి కొన్ని నెలలే. ఏడాది పొడుగునా బాయిలర్ వెలగాలంటే ఓడ రావాలి. ఆ పిక్క మీద సుంకం సున్నా ఉండాలని, వియత్నాం నుంచి వచ్చే పప్పు మీద మాత్రం ఆకాశమంత గోడ ఉండాలని ఆయన కోరిక. పప్పు పొట్టు తీసే ఆడమనిషి సంగతి మూడోది. జీడి సొనకు చేతులు కాలినా, గుండు విరక్కుండా తీస్తేనే ఆమెకు కూలి గిడుతుంది. పిక్క ఏ దేశానిదైనా ఆమెకు ఒకటే, పని రోజులు తగ్గకూడదు. నాలుగోవాడు మిఠాయి కొట్టువాడు, అతనికి బద్ద పప్పు చౌకగా దొరికితే చాలు. ఇలా నలుగురూ నాలుగు మాటలు చెబుతారు, నలుగురిదీ న్యాయమే. నలుగురి మధ్య ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి. ఆ గీత గియ్యడానికే గదా చట్టసభలు పెట్టుకున్నది!

ఆ గీత గియ్యడం ఎలా జరిగిందో చూడండి. 2018 బడ్జెట్టులో పచ్చి జీడిపిక్క మీద దిగుమతి సుంకాన్ని 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించారు. ఆ ఏడే అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరం మీద పడి జీడి, కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. జీడి మళ్ళీ కాపుకు రావాలంటే నాలుగైదేళ్ళు, కొబ్బరికి ఇంకా ఎక్కువ. మరుసటి ఏడు జులై బడ్జెట్టులో జీడిపప్పు మీద సుంకాన్ని 45 నుంచి 70 శాతానికి పెంచారు. మొదటిది రైతుకు నొప్పి, రెండోది పరిశ్రమకు ఊరట. ఈ రెండూ బడ్జెట్టులో భాగంగా లోక్‌సభ ముందుకు వచ్చినవే. చర్చ ఎంత మొక్కుబడిగా జరిగినా సరే, ఆ బడ్జెట్లను సభ ఆమోదించింది.

ఇప్పుడు రెండో దారి చూడండి. 2008 ఏప్రిల్‌లో ఢిల్లీలో భారత-ఆఫ్రికా శిఖరాగ్ర సమావేశంలో ప్రధాని మన్మోహన్ సింగ్ గారు బాగా వెనకబడిన దేశాల సరుకులకు సుంకం మినహాయిస్తామని ప్రకటించారు. పత్తి, కోకో, ముడి ఖనిజాలతో పాటు ఆ జాబితాలో జీడిపిక్క పేరు కూడా ఉంది. ఫలితంగా టాంజానియా, మొజాంబిక్ పిక్కకు ఒక లెక్క, వెనకబడిన దేశాల జాబితాలో లేని ఐవరీ కోస్ట్ పిక్కకు ఇంకో లెక్క. పేద దేశాలకు చెయ్యి అందించడం మంచిదే, నాకు అభ్యంతరం లేదు. ఇది మాత్రం బడ్జెట్టులో రాలేదు. ఇలాంటివన్నీ కస్టమ్స్ చట్టం 25వ సెక్షను కింద ఒక నోటిఫికేషనుతో అయిపోతాయి. ఆగ్నేయాసియా కూటమి అయిన ఆసియాన్ దేశాల సరుకుకు తగ్గింపు రేట్లన్నీ 46/2011 నంబరు నోటిఫికేషనులో ఉన్నాయి. ఓపిక ఉన్నవాళ్ళు తీసి చూడండి. పట్టికలకు పట్టికలు, సరుకు నంబర్లు, పక్కన శాతాలు. అలాంటి కాగితాన్ని అచ్చయ్యాక సభ బల్ల మీద పెడతారు. బల్ల మీద పెట్టిన కాగితాల కట్టను విప్పి చదివే సభ్యుడు ఎంతమందిలో ఒకడో మీరే ఊహించుకోండి. చట్టంలో రాసిన సుంకాన్ని పెంచాలంటే సభ అనుమతి కావాలి. ఒప్పందం కింద తగ్గించడానికి అక్కర్లేదు. ఒకే రేవులో, ఒకే కంటైనరు మీద పడే సుంకాలు రెండూ!

రాజ్యాంగం ఏమంటోంది? ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 14వ అంశం విదేశాలతో ఒప్పందాలు. రాష్ట్ర జాబితా 14వ అంశం వ్యవసాయం. అంకె ఒకటే కావడం కాకతాళీయమే అయినా మన కథంతా ఆ రెండు పద్నాలుగుల మధ్యే నలుగుతోంది. వ్యవసాయం రాష్ట్రానిదే అయినా, విదేశీ ఒప్పందాన్ని అమలు చెయ్యడానికి ఏ విషయం మీదనైనా దేశమంతటికీ చట్టం చేసే అధికారం 253వ అధికరణ పార్లమెంటుకు ఇచ్చింది. పార్లమెంటుకు, గమనించండి. కాని ఒప్పందాలు ఎలా చేసుకోవాలో పార్లమెంటు ఇంతవరకూ చట్టమేదీ చెయ్యలేదు. చెయ్యకపోవడంతో 73వ అధికరణ కింద ఆ పని మంత్రివర్గం చేతిలో ఉండిపోయింది. బేరుబారీ వ్యవహారంలో సుప్రీంకోర్టు 1960లో ఏమందో లాయర్లకు తెలుసు. దేశం భూమిని పరాయి దేశానికి ఇవ్వాలంటే రాజ్యాంగాన్నే సవరించాలంది. అందుకే తొమ్మిదో సవరణ వచ్చింది. భూమి ఇవ్వడానికి రాజ్యాంగ సవరణ కావాలి. ఆ భూమి మీద పండే పంట ధరను ఇరవై ఏళ్ళపాటు కట్టిపడేసే ఒప్పందానికి కేబినెట్ నోటు చాలు.

ఈ అలవాటు ఎంత ఖరీదైనదో డంకెల్ ముసాయిదా రోజుల్లో తెలిసింది. గాట్ అనే ప్రపంచ వాణిజ్య ఒప్పందపు అధిపతి ఆర్థర్ డంకెల్ 1991 డిసెంబరులో ఆ ముసాయిదా బయటపెట్టాడు. మన తెలుగువాడు పి.వి. నరసింహారావు గారు ప్రధాని. ఐ.కె. గుజ్రాల్ అధ్యక్షుడిగా ఉన్న వాణిజ్య స్థాయీ సంఘం 1993 చివర్లో నివేదిక ఇస్తూ పేటెంట్ల మీద, వ్యవసాయం మీద గట్టి అభ్యంతరాలు చెప్పింది. ఆ నివేదిక వచ్చిన రోజుల్లోనే జెనీవాలో బేరసారాలు ముగిశాయి. 1994 ఏప్రిల్ 15న మొరాకోలోని మరకేష్‌లో ప్రణబ్ ముఖర్జీ గారు సంతకం చేశారు. సభలో కోపాలు, కేకలు అన్నీ జరిగాయి. ఒప్పందాన్ని ఆమోదిస్తారా లేదా అని అడిగే ఓటింగు మాత్రం లేదు.

అప్పుడు అడగకపోయినా తరువాత అడగక తప్పలేదు. ఆ ఒప్పందం ప్రకారం పేటెంట్ల చట్టం మార్చాలంటే పార్లమెంటు దగ్గరికి రావాలి గదా. 1994 డిసెంబరు 31న ఆర్డినెన్సు తెచ్చారు. లోక్‌సభ బిల్లు ఆమోదించింది, రాజ్యసభలో అది ఇరుక్కుంది. 1996లో లోక్‌సభ రద్దుతో బిల్లు మురిగిపోయింది. అమెరికా జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్ళి ఫిర్యాదు చేసింది. 1997 డిసెంబరులో భారత్ ఓడిపోయింది. 1999లో చట్టం మార్చక తప్పలేదు. మన సభ వద్దన్న మాటకు అక్కడ విలువ లేదు, సంతకానికే విలువ. ఆ కోర్టుల్లో ‘మా పార్లమెంటు ఒప్పుకోలేదండీ’ అంటే చెల్లదు. సంతకం ముందు అడిగితే అభిప్రాయం అవుతుంది. సంతకం తరువాత అడిగితే మాట తప్పడం అవుతుంది.

సభ కలగజేసుకుంటే ఎంత మేలు జరుగుతుందో చెప్పడానికి కూడా పేటెంట్లే ఉదాహరణ. 2005లో పేటెంట్ల చట్టాన్ని మూడోసారి సవరిస్తున్నప్పుడు వామపక్షాల ఒత్తిడితో 3(డి) అనే నిబంధనకు పదును పెట్టారు. పాత మందుకు చిన్న మార్పు చేసి కొత్త పేటెంటు అడిగితే కుదరదని దాని సారాంశం. 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ కంపెనీ రక్తక్యాన్సరు మందు కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధన ఆధారంగానే కంపెనీ అర్జీ కొట్టేసింది. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో మందుల సంచులు మోస్తున్న ఇళ్ళు ఎన్నో మనకు తెలుసు. మందు ధర అంటే ఏమిటో ఈ ఊరికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఇక ఆసియాన్ దేశాలతో వాణిజ్య ఒప్పందం గురించి క్లుప్తంగా. 2009 ఆగస్టు 7న బడ్జెట్ సమావేశాలు ముగిశాయి. ఆరు రోజులకు, 13న, బ్యాంకాక్‌లో సంతకం అయింది. 2010 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానికి నిరసనగా కేరళలో పాలక వామపక్షాలు 2009 అక్టోబరు 2న మానవహారం కట్టాయి. మిరియాలు, టీ, కాఫీ, పామాయిలు లాంటి సరుకులకు తగ్గింపు నెమ్మదిగా జరిగేలా ప్రత్యేక జాబితాలో పెట్టారు. పామాయిలు సుంకం 2019 చివరికి ముడి నూనెకు 37.5, శుద్ధి చేసిన దానికి 45 శాతానికి దిగింది. అంటే ఆ ప్రభుత్వం పోయి ఇంకో ప్రభుత్వం వచ్చి, అదీ రెండోసారి గెలిచాక కూడా 2009 నాటి సంతకమే పని చేసింది.

2019 నవంబరు 4, మళ్ళీ బ్యాంకాక్. ఆర్‌సెప్ అని పత్రికల్లో చదివి ఉంటారు. ఆసియాన్ పది దేశాలు, చైనా, జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మనం, మొత్తం పదహారు దేశాల ఒప్పందం. ఏడేళ్ళు చర్చలు నడిచాయి. పాల రైతులు న్యూజిలాండ్ పాలపొడికి భయపడ్డారు, పరిశ్రమలు చైనా సరుకుకు భయపడ్డాయి. చివరి రోజున ప్రధాని మోదీ గారు చేరడం లేదని ప్రకటించారు. గాంధీ గారి మాట, తన అంతరాత్మ ఒప్పుకోవడం లేదన్నారు. రైతు సంఘాలు స్వాగతించాయి. మిగిలిన పదిహేను దేశాలు 2020 నవంబరు 15న సంతకాలు చేసుకున్నాయి, 2022 జనవరి 1 నుంచి అమలు మొదలైంది.

నిర్ణయం సరైనదేనా? నా మట్టుకు అప్పటి పరిస్థితుల్లో సరైనదే. కాని పార్లమెంటు శీతాకాల సమావేశాలు ఎప్పుడు మొదలయ్యాయో తెలుసా? నవంబరు 18న. ఇంకో రెండు వారాలకు. చేరే సంతకం సమావేశాలు ముగిసిన ఆరు రోజులకు జరిగింది, చేరని ప్రకటన సమావేశాలకు రెండు వారాల ముందు వచ్చింది. ఆ ఏడేళ్ళలో ఒప్పందం ముసాయిదా పూర్తి పాఠాన్ని సభ ముందు పెట్టనూ లేదు. మనం చప్పట్లు కొట్టిన నిర్ణయం కూడా మనల్ని అడిగి తీసుకున్నది కాదు. ఒకరి అంతరాత్మ ఇవాళ వద్దంది. రేపు ఇంకొకరి అంతరాత్మ సరే అంటే మనం చెయ్యగలిగింది ఏమిటి? 2025 జులై 24న బ్రిటన్‌తో ఒప్పందం సంతకమైన రోజు మన వర్షాకాల సమావేశాలు నడుస్తూనే ఉన్నాయి. అదే కాగితం బ్రిటన్‌లో 2010 నాటి చట్టం ప్రకారం వాళ్ళ పార్లమెంటు ముందు సభ జరిగే ఇరవై ఒక్క రోజులు ఉండాలి. వాళ్ళు మనతో చేసుకున్న ఒప్పందాన్ని వాళ్ళ సభ చూస్తుంది, మన సభ చూడదు!

దీనికి అధికారులు చెప్పే జవాబు ఒకటుంది, అందులో బలమూ ఉంది. బేరం ఆడేటప్పుడు మన చేతిలో పేకముక్కలు అందరికీ చూపిస్తే ఎదుటివాడు ఆట కట్టిస్తాడు, సభలో పెడితే ఏ ఒప్పందమూ తెగదు అంటారు. బేరసారాల మధ్యలో ప్రతి కాగితమూ బయటపెట్టమని నేనూ అనను. కాని బేరం ముగిసి, పాఠం ఖరారై, సంతకానికి ముందు రెండు నెలలు సభ ముందు పెడితే ఏం మునిగింది? అమెరికాలో కాంగ్రెస్ ఓటు వేస్తుంది. ఐరోపాలో ఐరోపా పార్లమెంటు ఒప్పుకోవాలి. కెనడాతో ఐరోపా కూటమి చేసుకున్న ఒప్పందాన్ని 2016 అక్టోబరులో బెల్జియంలోని వలోనియా ప్రాంతీయ పార్లమెంటు అడ్డుకుంది. వలోనియా జనాభా 36 లక్షలు. మన ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా జనాభా 2011 లెక్కల్లో 27 లక్షలు. అంత చిన్న ప్రాంతం ఐరోపా అంతటినీ ఆపింది, తనకు కావలసిన హామీలు రాయించుకుంది, అదే నెల 30న సంతకం అయిపోయింది. ప్రపంచమేమీ కూలిపోలేదు.

ఈ మాట మనవాళ్ళకు కొత్తదీ కాదు. 1990ల మొదట్లోనే రాజ్యసభలో ఎం.ఎ. బేబీ, లోక్‌సభలో జార్జి ఫెర్నాండెజ్ ఒప్పందాలను సభ ముందుకు తేవాలని ప్రైవేటు సభ్యుల బిల్లులు తెచ్చారు, అవి నెగ్గలేదు. తరువాత రాజ్యాంగం పనితీరు సమీక్షకు జస్టిస్ వెంకటాచలయ్య అధ్యక్షతన కమిషన్ వేశారు. అందులో ఇద్దరు తెలుగు న్యాయమూర్తులు సభ్యులు. ఒకరు జస్టిస్ జీవన్ రెడ్డి, ఇంకొకరు మన జిల్లా బిడ్డ జస్టిస్ కొత్తపల్లి పున్నయ్య. 2002లో ఆ కమిషన్ రెండు మాటలు చెప్పింది. ఒప్పందాలు చేసుకునే పద్ధతిని క్రమబద్ధం చేస్తూ పార్లమెంటు చట్టం చెయ్యాలి. రాష్ట్రాల జాబితాలోని విషయాలకు గట్టిగా తగిలే ఒప్పందాలైతే సంతకానికి ముందు అంతర్రాష్ట్ర మండలిలో రాష్ట్రాలతో సంప్రదించే సంగతి ఆలోచించాలి. అప్పటినుంచి చాలా పార్టీలు ఢిల్లీలో అధికారం చూశాయి లేదా పంచుకున్నాయి. చట్టం రాలేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అడగడం, అధికారంలోకి వచ్చాక మరిచిపోవడం మన పార్టీలన్నిటికీ ఉమ్మడి ఆస్తి.

కనుక ఎవరో చేస్తారని కూర్చోకుండా మనం చెయ్యగలిగింది చెబుతాను. లోక్‌సభ నిబంధనల్లో అర్జీ పెట్టుకునే హక్కు పౌరులకు ఉంది, ఆ అర్జీ మీద ఒక సభ్యుడు సంతకం చేసి సభకు సమర్పిస్తే అది అర్జీల సంఘం ముందుకు వెళుతుంది. మన అర్జీలో మూడే కోరికలు ఉండాలి. ఖరారైన వాణిజ్య ఒప్పందం పాఠాన్ని సంతకానికి అరవై రోజుల ముందు రెండు సభల ముందూ పెట్టాలి. వ్యవసాయం, చేపలు ఉన్న ఒప్పందమైతే రాష్ట్ర శాసనసభ అభిప్రాయం తీసుకోవాలి. చివర్లో ఓటింగు పెట్టాలి, ఎవరెటు వేశారో పేర్లతో అచ్చు వెయ్యాలి. ఈ అర్జీలో రైతు, పరిశ్రమ యజమాని, పొట్టు తీసే కార్మికురాలు, చేపల వేటగాడు, నలుగురూ సంతకాలు పెట్టొచ్చు, ఎందుకంటే సుంకం ఎంత ఉండాలో ఇందులో లేదు. దాని మీద కొట్టుకోవడానికి సభ ఉంది.

శ్రీకాకుళం ఎంపీ గారు ఏ పార్టీ వారైనా, ఎవరైనా, మంత్రి పదవిలో ఉంటే అర్జీ సమర్పించే వీలు ఉండకపోవచ్చు. అప్పుడు రాష్ట్రం నుంచి ఇంకో సభ్యుణ్ణి అడుగుదాం. ముసాయిదా రాసే బాధ్యత నేను తీసుకుంటాను. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి మండలాల్లో సంతకాల బాధ్యత మీరు తీసుకోండి. పిక్కల సీజను మొదలైతే ఎవరికీ తీరిక దొరకదు, ఆలోగానే కానిద్దాం.